ఆ గుడి ఖాళీగా లేదు



మన గోదావరి, కొల్లేరు ప్రాంతాల్లో ఒకే ఊరిలో రెండు మూడు సంఘాల గుళ్ళుండటం కొత్త కాదు. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ వారు 1854లోనే పని మొదలుపెట్టారు. ఆ సంఘం 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. మా తాడేపల్లిగూడెం వైపు లూథరన్ కుటుంబాలు ఎక్కువ. కథోలికులకు 1976లో విజయవాడ పీఠం నుండి వేరుచేసి ఏలూరు పీఠం ఏర్పరచారు. సంఘాల పేర్లు వేరైనా చుట్టరికాలు ఎప్పుడో కలిసిపోయాయి. పెండ్లికని, చావుకని, బిడ్డ బాప్తిస్మానికని మనలో చాలామంది ఆర్.సి.యం. గుడి గడప తొక్కినవారమే. అక్కడ ఎలా నడుచుకోవాలో మాత్రం మనకెవరూ చెప్పరు.

మన గుడిలో ఆరాధన మొదలయ్యేముందు ఎలా ఉంటుంది? మొదటి గంట కొట్టగానే వచ్చినవారు ఒకరినొకరు పలకరించుకుంటారు. "ఏమ్మా, కోడలు నీళ్ళాడిందంట గదా?" "నాట్లు అయిపోయాయా అన్నయ్యా?" ఇంతలో మైకు కుర్రాడు "హలో, హలో" అంటూ ఉంటాడు. ఈ పలకరింపులను నేను తప్పు పట్టను. వారమంతా చేలో నడుము వంచినవారికి సాటి విశ్వాసి ముఖం కనబడేది ఆ పూటే.

కథోలికుల గుడిలో లెక్క వేరు. బలిపీఠం వెనుకనో పక్కనో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానిని వారు మందసం అంటారు. దాని దగ్గర ఒక ఎర్రదీపం రాత్రింబవళ్ళు వెలుగుతూనే ఉంటుంది. పూజలో ఆశీర్వదించిన అప్పం నిజముగా క్రీస్తు శరీరమేనని వారి విశ్వాసం. పూజ తరువాత మిగిలినదానిని రోగులకు ఇవ్వటానికి ఆ పెట్టెలో ఉంచుతారు. అంటే పూజ లేని మధ్యాహ్నం వేళ కూడా ప్రభువు అక్కడ ఉన్నాడని వారు నమ్ముతారు. అందుకే లోపలికి రాగానే కుడి మోకాలు నేలకు ఆనిస్తారు, గొంతు తగ్గిస్తారు. సంస్కారములో క్రీస్తు నిజముగా ఉన్నాడని మన లూథర్ గారు కూడా గట్టిగా చెప్పినవారే. కాని ఆరాధన అయ్యాక దానిని పెట్టెలో ఉంచి మనం మ్రొక్కము. ఆ సిద్ధాంతాన్ని ఇక్కడ తర్కించబోను. ఒకరి ఇంటికి వెళ్ళినప్పుడు లోపల ఇంటి యజమాని ఉన్నాడని వారు నమ్ముతుంటే, ఎవరూ లేనట్టు మనం కేకలు వేయవచ్చునా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న మా ఇంట్లో నాలుగేండ్లు నలిగింది.

మా చెల్లిని 1991లో కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరి కథోలిక కుటుంబానికి ఇచ్చాం. అప్పట్లో వానాకాలం వస్తే ఆ ఊరికి పడవే దారి. పెండ్లికి పీఠాధిపతి గారి అనుమతి కావలసి వచ్చింది. తరువాత ఆమె కూడా ఆ సంఘంలోనే చేరింది. మా మరిది చేపల చెరువుల మీద బ్రతికిన మనిషి. 2017లో గుండెనొప్పితో ఒక్క రాత్రిలో పోయాడు.

భూస్థాపనకు మేము గూడెం నుండి రెండు వ్యానుల్లో వెళ్ళాం. శవపేటికను గుడిలోకి తెచ్చి బలిపీఠం ఎదుట దించారు. ఫాదర్ గారు మరో ఊరి నుండి రావాలి, అరగంటపైనే పట్టింది. చెల్లి ముసుగు వేసుకుని పేటిక పక్కన నేలమీద కూర్చుంది. ఆ ఊరివారు కొందరు మోకరించారు, కొందరు కండ్లు మూసుకున్నారు. ఏడుపు కూడా బయట ఆగిపోయింది. మావాళ్ళు వెనుక బల్లల మీద కూర్చుని మాటల్లో పడ్డారు. చెరువు మీద అప్పెంత, పిల్లవాడి చదువెంతవరకు వచ్చింది, పొద్దుపోకముందే తిరిగి వెళ్ళగలమా! ఒకరి జేబులో సెల్‌ఫోన్ పాట అందుకుంది. చెల్లి అత్తగారు లేచి మా దగ్గరకు వచ్చి, ఏమీ అనకుండా పెదవుల మీద వేలు పెట్టి చూపారు.

మా అన్నయ్య చాలాకాలంగా సంఘ పెద్ద. ఆయన ముఖం ఎర్రబడింది. లేచి బయటకు వెళ్ళి వ్యాను దగ్గర నిలబడ్డాడు. ఆ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "చిన్నపిల్లలకు చెప్పినట్టు నోరు మూసుకోమన్నారు. వారి గుడిలోకి ఇక నేను రాను" అన్నాడు. గుడితో ఆగలేదు, చెల్లి ఇంటికీ వెళ్ళటం మానేశాడు.

కొన్ని నెలల తరువాత చెల్లి ఫోనులో ఆయనతో అన్న మాట నా చెవిన పడింది. "అన్నయ్యా, ఇంటి దగ్గర జనం, ఏడుపులు. ఆయన పక్కన నేను స్థిమితంగా కూర్చోగలిగింది ఆ గుడిలోనే. ఆ అరగంటే నాకు మిగిలింది. అది కూడా మీ మాటల్లో పోయింది. మా అత్తగారు మీ మీద కోపంతో లేవలేదు, నాకోసం లేచారు." అన్నయ్య జవాబివ్వకుండా ఫోను పెట్టేశాడు.

2021లో అన్నయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చాం. పరామర్శకు వచ్చినవారందరూ మంచివారే. అయితే ఒకరు గట్టిగా ప్రార్థన చేసి ముగించేలోపు ఇంకొకరు మొదలుపెట్టేవారు. మధ్యలో పసరు వైద్యాల సలహాలు. మాట రాని మనిషి కండ్లు మాత్రం అటూ ఇటూ తిరిగేవి. చెల్లి కైకలూరు నుండి బస్సులో వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన పడిపోయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సాయంత్రం వరకు ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు రోజులు అలాగే వచ్చింది. అయిదవ రోజు బస్సు ఆలస్యమైతే, ఆమె ఏదని అన్నయ్య మంచి చేత్తో ఆ స్టూలు వైపు చూపించి అడిగాడు.

యోబు గ్రంథం రెండవ అధ్యాయం చివర చూడండి. స్నేహితులు అతనితో ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాటలేక నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మేలంతా ఆ ఏడు దినాల్లోనే ఉంది. నోరు తెరిచాకే చిక్కులన్నీ. ప్రకటన ఎనిమిదవ అధ్యాయంలో పరలోకములోనే అరగంట సేపు నిశ్శబ్దము కలిగిందని యోహాను వ్రాశాడు. చెల్లి చెప్పిన ఆ అరగంట గుర్తుకు రాకుండా నేను ఆ మాట చదవలేకపోతున్నాను.

కథోలికుల గుళ్ళన్నీ ఎల్లవేళలా ఇలాగే ఉంటాయని చెప్పను. గౌరీపట్నం నిర్మలగిరి ఉత్సవాలకు వెళ్ళినవారికి అక్కడి జనసందోహం తెలుసు. కాని వారి నియమం స్పష్టంగానే ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనను గూర్చి వెలువరించిన పత్రంలో, తగిన వేళల్లో భక్తితో మౌనం పాటించాలని చేర్చారు. పూజ మొదలుకాకముందు కూడా గుడిలోను, గురువులు వస్త్రాలు ధరించే గదిలోను నిశ్శబ్దం మంచిదని వారి పూజా నిబంధనల్లో ఉంది.

మరిది సంవత్సరీకపు పూజకు 2022లో అన్నయ్య కర్ర పట్టుకుని మాతో వచ్చాడు. ఫోను ఆవరణలోనే ఆపేసి చివరి బల్ల మీద కూర్చున్నాడు. మోకరించలేదు. మనం మోకరించి తీరాలని వారూ అడగరు. వారు నిలబడినప్పుడు నిలబడి, కూర్చున్నప్పుడు కూర్చుంటే చాలు. గంట మ్రోగి ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తేటప్పుడు లేచి తిరగకూడదు, తల వంచుకుని ఉండాలి. వారు సత్ప్రసాదానికి వరుసలో వెళ్ళేటప్పుడు మనం మన చోటనే ఉండాలి. అది వారి సంఘ నియమం, అవమానంగా తీసుకోనక్కరలేదు. చంటిబిడ్డ ఏడిస్తే కాసేపు వరండాలోకి తీసుకువెళ్ళవచ్చు. గుడి దాటాక ఎంత మాట్లాడుకున్నా అభ్యంతరం లేదు. పడవ మీద నుండి గట్టుకు కేకవేసి పిలిచే అలవాటున్న ఊరు అది. ఆ రోజు పూజ కాగానే వాకిట్లో చెల్లి అత్తగారు మా అన్నయ్యను భోజనానికి రమ్మని పిలిచిన పిలుపు పక్క వీధికి వినబడి ఉంటుంది.

నిజానికి మౌనం మనకూ పరాయిది కాదు. మా అమ్మ గుడిలోకి రాగానే చెంగు తలమీదికి లాక్కుని, మోకరించి, పెదవులు కదపకుండా ప్రార్థించి, ఆ తరువాతే చాప మీద కూర్చునేది. అమ్మ లేచేవరకు మేమెవరం నోరెత్తేవాళ్ళం కాము. మైకు సెట్టు, కీబోర్డు వచ్చాక ఆ కాసేపూ పోయింది. మైకు లేకపోతే దేవునికి వినబడదన్నట్టు తయారయ్యాం.

ఈ సంగతి మా పాస్టరు గారితో అంటే, మొదటి పాటకు ముందు అయిదు నిమిషాలు మౌనంగా ఉండి చూద్దామన్నారు. మొదటి ఆదివారం మూడవ నిమిషంలోనే ఒక పెద్దాయన తట్టుకోలేక పాట ఎత్తుకున్నారు. రెండవ వారం నాలుగు నిమిషాలు గడిచాయి. ఇప్పుడు దానిని పది నిమిషాలు చేయాలా వద్దా అని సంఘ పెద్దల్లో చర్చ జరుగుతోంది. ఆ చర్చ మాత్రం చాలా గట్టిగా జరుగుతోంది.