నాయన ఫోటో

స్టూడియో స్ట్రోబుతో ఒక చిక్కుంది. అది వెలిగి ఆరిపోయేది సుమారు సెకనులో వెయ్యవ వంతు కాలంలో. ముఖంపై ఆ వెలుగు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో మన కన్ను పట్టుకోలేదు. ఇప్పుడైతే కెమెరా వెనుక తెరపై వెంటనే చూసుకుంటున్నాము. నేను పని నేర్చుకున్న 1998లో ప్రింటు చేతికి వచ్చేవరకు అంతా ఊహే.

మాది ఇస్కపల్లి. నాయనది ఉప్పుమళ్ళలో పని. నేను ఎండకు దడిసి నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక స్టూడియోలో చేరాను (లోపల ఎండ ఉండదు కదా!). చేతికిచ్చిన కెమెరా పెంటాక్స్ కె1000. దానిలో షట్టరు వేగం 1/60 దాటితే ఫిల్ము మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణమే ఉండదు. అది తెలియక 1/125 పెట్టి, ఒక పెళ్ళికూతురి ఫోటోలో సగానికి నల్లని పట్టీ వేశాను. ఆ రీలు ఖర్చు నా జీతంలోంచి పోయింది. ఈ పని తెలిసినవారు నవ్వుకోవచ్చు.

1/60కి లోబడి షట్టరు ఎంత పెట్టినా స్ట్రోబు వెలుగు మారదు. లెక్కంతా ఎపర్చరుది, దూరానిది. గొడుగును నాలుగడుగుల నుండి ఎనిమిదడుగులకు జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతవుతుంది; ఎఫ్11ను ఎఫ్5.6 చేయాలి. ఇంటర్లో బట్టీపట్టిన విలోమ వర్గ నియమం ఇదేనని తట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

స్టూడియోలో అందరికీ ఒకటే పద్ధతి. అటొక గొడుగు, ఇటొక గొడుగు, సమానంగా వెలుగు. మనిషి నలుపైతే ఎపర్చరు ఒక స్టాపు ఎక్కువ. "తెల్లగా రాకపోతే మళ్ళీ మన గడప తొక్కరబ్బయా" అనేవారు యజమాని. అందులో అబద్ధమేమీ లేదు. మైపాడు నుండి, కృష్ణపట్నం నుండి సంబంధాల ఫోటోలకు ఆడపిల్లలను తీసుకువచ్చే తల్లులు అడిగేదీ అదే.

1999 వేసవిలో నాయన ఏదో పని మీద నెల్లూరు వచ్చారు. ఓటరు కార్డుకు తప్ప ఫోటో దిగని మనిషి. ముచ్చటపడి, నేర్చినదంతా చూపించి తీశాను. ప్రింటు ఇంటికి తీసుకెళితే అమ్మ ట్యూబులైటు కింద పెట్టి చూసి, "ఎవురబ్బయా ఈయన? జ్వరం పడి లేచినట్టుండాడే!" అంది. నాయన ఒకసారి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేశారు.

మర్నాడు పొద్దున మళ్ళ దగ్గరికి వెళ్ళాను. నాయన కర్ర పలకతో ఉప్పును గట్టుకు లాగుతున్నారు. ఎండ ఒక పక్కనుండే పడుతోంది. కానీ కిందనున్న ఉప్పు ఆ వెలుగును తిరిగి పైకి పంపుతోంది. కళ్ళ కింద, గడ్డం కింద నీడ మెత్తబడింది. చెమట పట్టిన నల్లని నుదుటిపైన, బుగ్గ ఎముకపైన మెరుపు గీత గీసినట్లు నిలిచింది. నల్లని ముఖానికి రూపమిచ్చేది ఆ మెరుపే. రెండువైపుల నుండి సమానంగా కొట్టి, పైగా ఒక స్టాపు పెంచి నేను చెరిపివేసినది దానినే.

వానలకు ఉప్పు పని ఆగిన కార్తీకంలో నాయనను బ్రతిమాలి మళ్ళీ తీసుకువచ్చాను. స్టూడియో మూసిన తరువాత, ఒకే గొడుగు, కాస్త పైనుండి, పక్కగా. ఆయన ఒళ్ళో ఒక తెల్లని థర్మోకోలు పలక. ఎపర్చరు పెంచలేదు. అంతటితో అయిపోలేదు. ల్యాబులోని యంత్రం ఏ ఫోటోనైనా ఒక సగటు బూడిదరంగు వైపుకు లాగుతుంది. నల్లని ముఖాన్ని తనంతట తానే తెల్లబరుస్తుంది. అక్కడి కుర్రవాడి పక్కన నిలబడి, డెన్సిటీ పెంచమని పోరి మూడు ప్రింట్లు వేయించాను. మూడవదానిలో నాయన వచ్చారు.

ఆయన 2006లో పోయారు. దండ ఆ ఫోటోకే వేశాము. మొదటిదాన్ని పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఇస్త్రీ చొక్కా ఏసుకోని దిగింది అదొక్కటే కదబ్బయా" అని పెట్టెలో అడుగున దాచుకుంది.