కొంగ వాలినట్టు...

మధిర పక్కన పెసర తీసేసిన నల్లరేగడి చేను. దసరా సెలవులకొచ్చిన కూతురు గట్టు మీద నిలబడి ఆ చివర నుంచి ఈ చివరకు చూస్తోంది. హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకుంటోందామె.

'ఇంజిన్ ఆగిపోతే ఇక్కడ దిగొచ్చంటావా నాన్నా?'

ఆ రైతు గుండె ఝల్లుమంది. ఎందుకనదు మరి! 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న అమ్మాయి చనిపోయింది. ఆ వార్త వచ్చిన పేపరు ఇప్పటికీ వాళ్లింట్లో బీరువాలో ఉంది. తల్లి దాచింది.

బేగంపేట రన్‌వే 3 కిలోమీటర్ల పైనే. చిన్న విమానానికి అంత అక్కర్లేదు. సెస్నా 172ఎస్ తయారీదారు లెక్క ప్రకారం సముద్రమట్టం దగ్గర, గాలి లేనప్పుడు, గట్టి నేలను తాకాక 575 అడుగుల్లో ఆగుతుంది. 50 అడుగుల ఎత్తు చెట్లు దాటి దిగాలంటే మొత్తం 1,335 అడుగులు కావాలి. ఎండుగడ్డి నేలైతే ఆ 575లో 45 శాతం అదనం. తడినేల సంగతి సరేసరి.

నేల పొట్టిదైతే ఫ్లాప్స్ పూర్తిగా దించి, వేగాన్ని కొలిచినట్టు పట్టుకుని దిగాలి. వేగం 10 శాతం పెరిగితే పరుగు 21 శాతం పెరుగుతుంది. చక్రాలు ఆనగానే బ్రేకు. మెత్తనేల పద్ధతి దీనికి తలకిందులు. ఇంజిన్‌కు కాస్త శక్తి ఉంచి, ముక్కు పైకెత్తి, కొంగ వాలినట్టు వెనక చక్రాల మీద ఆనాలి. బ్రేకు జోలికి పోకూడదు. ముందు చక్రం దిగబడిందా, విమానం బోర్లా పడొచ్చు. ఇంజినే ఆగిపోతే ఆ కాస్త శక్తీ ఉండదు!

'పొట్టిదీ మెత్తదీ కూడా అయితే?' అడిగాడాయన.

ఆమె మాట్లాడలేదు.

ఆయన మడమతో నేలను నొక్కాడు. పైన పెచ్చు కట్టి ఆరినట్టే ఉంది. కింద తడి. 'ఎడ్లబండే దిగబడుద్ది. అయినా తప్పనప్పుడు సాళ్లకు అడ్డం రాకు, వెంబడి రా' అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. తన పాఠంలో ఉన్నదీ అదే. 'పైనుంచి కరెంటు తీగ కనపడదు. స్తంభాలు చూసుకో. ఇక్కడ ప్రతి మోటారుకీ లైనుంది.' (ఎగరడం నేర్చుకునే పిల్లలకు ఓ పూట రైతుతో క్లాసు పెట్టిస్తే బాగుండును.)

ఇద్దరూ చేనును అంగలతో కొలిచారు. గట్టు నుంచి గట్టుకు నూట డెబ్బై. నాలుగు వందల అడుగుల పైచిలుకు.

'చాలదు నాన్నా.'

'పక్క చేను కలుపుకుంటే?'

'మధ్యలో గట్టుంది కదా!'

ఆమె సెలవులయ్యి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే ముందుగా వాన పడిందీ లేనిదీ, ఎవరి చేను ఆరిందీ చెబుతాడాయన. ఆమె ఓపిగ్గా వింటుంది. ఆమె విమానం మధిర మీదుగా ఒక్కసారీ వచ్చింది లేదు.