జాల్నా దాకా పోయే బండి

ఎల్లారెడ్డి నుంచి ఒక కుర్ర టీచరు ఫోన్ చేశాడు. "సార్, వార్షికోత్సవానికి పిల్లలతోటి ఏదన్న కొత్త నాటకం ఏపిద్దామనుకుంటున్న. ఒకటి చెప్పరాదుండ్రి. అరగంట దాటొద్దు. ఎనిమిది మంది పిల్లలున్నరు, అండ్ల ఐదుగురు ఆడపిల్లలే."

ప్రాణం లేచొచ్చినట్టయింది. నన్ను నాటకం గురించి అడిగినవాళ్లు లేక ఎన్నాళ్లయిందో! ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. వాళ్ల స్టాఫ్‌రూములో ఒక పెద్దాయన, "ఇప్పుడు నాటకాలెవరు రాస్తున్నరయ్యా? కాటి సీనన్న పెట్టుకో, కన్యాశుల్కంల ఒక ముక్కన్న పెట్టుకో" అన్నాడట. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

పాత నాటకమంటే నాకు చిన్నచూపు లేదు. బలిజేపల్లి వారి హరిశ్చంద్రుడి పద్యం మైకులో వినబడితే ఇప్పటికీ పని ఆపి వింటాను. కానీ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి తెర లేచిన రోజున కొత్త నాటకమే కదా. చూడటానికి వచ్చినవాళ్ల ఇళ్లల్లో, ఆ ఏడాదే, పిల్లల్ని డబ్బుకు అమ్ముకుంటున్న పెళ్లిళ్ల మీద రాసిన నాటకం అది. గురజాడ దాన్ని మళ్లీ పట్టుకుని 1909 నాటికి ఇంచుమించు వేరే నాటకంగా తిరగరాశాడు. ఆయనే పాతదాంతో సరిపెట్టుకోలేదు. ఆయన పేరు చెప్పి మనం పిల్లల చేతికి పాతదే ఇస్తామంటే నాకు బాధగా ఉంటుంది.

"ఎవరు రాస్తున్నరు" అనేవాళ్ల తప్పు కూడా పూర్తిగా కాదు. నవల అయితే కొట్టులో దొరుకుతుంది. కథ అయితే ఆదివారం పేపర్లో వస్తుంది. నాటకం మాత్రం చేతులు మారుతూ బతుకుతుంది. మా ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. అందులో అరవై దాకా నాటికలుంటాయి, ఒక్కటీ కొన్నది కాదు. పరిషత్తు పోటీలు అయిపోయాక తెర వెనక్కి పోయి, మొహానికి కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకుంటున్న డైరెక్టరును బతిమాలి, తెల్లారి జిరాక్సు తీయించుకున్నవి. ఫోను వచ్చిన రాత్రి ఒకదాన్ని బయటికి తీశాను. పొడుగు కాగితాలు, తుప్పు పట్టిన పిన్ను, మూడో పేజీ మీద చాయ గ్లాసు అడుగు మరక. ఒక డైలాగును నీలం సిరాతో కొట్టేసి, పక్కన "జనం నవ్వుతరు, ఆగాలె" అని రాసి ఉంది. దాని కింద ఇంకెవరిదో చేతిరాత: "నవ్వలేదు." ఆ రెండు మాటల మధ్య ఎన్ని ఊళ్లు, ఎన్ని ప్రదర్శనలు గడిచాయో! అచ్చు పుస్తకంలో అవి దొరకవు. కాబట్టే, నాటకం సంగతి చెప్పాలంటే దాన్ని చూసినవాడు చెప్పాలి, లేదా నలుగురిలో పైకి చదివినవాడు చెప్పాలి. కళ్లతో చదివి చెప్పేవాణ్ణి నేను నమ్మను. కాగితం మీద గొప్పగా ఉన్న మాట నోట్లోకి వచ్చేసరికి రాయిలా తగులుతుంది. చప్పగా కనబడ్డ మాట ఒక పిల్ల నోటి నుంచి వస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకొకటి. మనం కొత్తవి అనుకునేవన్నీ కొత్తవి కావు. గొల్లపూడి మారుతీరావు 'కళ్ళు' గొప్ప నాటకం. గుడ్డి బిచ్చగాళ్ల గుంపులో ఒకడికి చూపొస్తే ఏమవుతుందన్నది దాని కథ. అది సినిమాగా వచ్చిందే 1988లో, నాటకం అంతకంటే ముందుది. యండమూరి 'రఘుపతి రాఘవ రాజారాం', తనికెళ్ల భరణి 'గార్దభాండం', 'కొక్కొరోకో' ఆ రోజుల్లో కుర్రకారును ఊపేసినవే. వాటిని ఆడిన కుర్రాళ్లకు ఇప్పుడు మనవలున్నారు. తర్వాతి వరసలో పాటిబండ్ల ఆనందరావు 'పడగనీడ', 'అంబేద్కర్ రాజగృహ ప్రవేశం' ఉన్నాయి. చూసినవాళ్లు మర్చిపోలేదు, చూడనివాళ్లకు పేరు కూడా తెలియదు. నాటకానికి మన దగ్గర పట్టిన గతి ఇదీ.

మరి ఇవాళ్టిది ఏం చెప్పాను? మరాఠీది చెప్పాను.

ఎల్లారెడ్డి టీచరు ఫోన్లో నిమిషం సేపు మాట్లాడలేదు. "మరాఠీదా సార్?" అన్నాడు. అవునయ్యా. మన కామారెడ్డి స్టేషన్లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు. నిజామాబాద్, నాందేడ్, పర్భణీ దాటితే జాల్నా వస్తుంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా ఒకటే లైను, నిజాం కాలంలో వేసింది. ఆ జిల్లా కూడా ఒకప్పుడు మనతోపాటు హైదరాబాద్ సంస్థానంలోదే. ఆ జాల్నా జిల్లాలో జాంబ్ సమర్థ్ అనే ఊరుంది, సమర్థ రామదాసు పుట్టిన ఊరు. ఆ ఊరి రైతు రాజ్‌కుమార్ తాంగడే నాటకాలు రాస్తాడు. ఆయన 'ఆకడా' అనే నాటకం రాశాడు. ఆకడా అంటే కొక్కెం. స్తంభం మీది తీగలకు కొక్కెం తగిలించి కరెంటు లాక్కునే పల్లెటూరి కథ. ఆ కొక్కెం గురించి మన దగ్గర బోరు వేసిన ఏ రైతుకు వివరించాలి చెప్పండి?

2012లో రంగం మీదికి వచ్చిన ఆయన నాటకమే 'శివాజీ అండర్‌గ్రౌండ్ ఇన్ భీమ్‌నగర్ మొహల్లా'. దాదాసాహెబ్ ఫాల్కే జీవితం మీద వచ్చిన మరాఠీ సినిమాలో ఫాల్కేగా నటించిన నందు మాధవ్ దానికి దర్శకుడు. ఆలోచన, పాటలు శాహిర్ సంభాజీ భగత్‌వి. శివాజీని స్వర్గానికి తీసుకుపోవటానికి యముడొస్తాడు. శివాజీ ఆలోచనలు తలపాగా రూపంలో యముడి చేతికి చిక్కుతాయి. ఆ తలపాగా ఎవరి తలకు సరిపోతుందో వెతుక్కుంటూ యముడు బస్తీల్లో తిరుగుతాడు. శివాజీ పేరు చెప్పుకుని గద్దెలెక్కినవాళ్ల తలలకు అది పట్టదు. వేషాలు కట్టినవాళ్లలో చాలామంది జాల్నా వైపు రైతుబిడ్డలే. పొలం పని వదిలి రిహార్సల్‌కు వచ్చి, ముంబై, పుణె హాళ్లు నింపి, వందల ప్రదర్శనలిచ్చారు. నాకు మరాఠీ అంతంతమాత్రమే వచ్చు. మద్నూరు మిత్రుడు పక్కన కూర్చుని ఒక్కో మాటా చెబుతుంటే ఫోన్లో చూశాను. చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పట్టాల ఆ కొసన పత్తి చేలో మనిషి ఇంత నాటకం రాశాడు. ఈ కొసన మక్కచేలో మనిషికి ఏం తక్కువ?

విషయం లేదా? బీడీలు చుట్టే చేతులు ప్రతి గడపలో ఉన్నాయి. గల్ఫ్ పోయినవాడు లేని వాడ లేదు. 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ మీద రైతులు కామారెడ్డి రోడ్ల మీదికొచ్చారు. పచ్చని పొలం కాగితం మీద పరిశ్రమల జోనుగా మారిందని తెలిసిన ఇంట్లో ఆ సాయంత్రం ఏం మాట్లాడుకుని ఉంటారు? అది ఒక అంకం. 2025 ఆగస్టు చివరి వానకు భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయాయి. ఆగిన బండిలో రాత్రంతా కూర్చున్న ఎనిమిది మంది కథ చెప్పు చాలు, ఐదుగురు ఆడపిల్లలకూ వేషాలున్నాయి. టీచరుకు ఇదే చెప్పాను. తాంగడే నాటకం చదువు, చూడు, వేయాలనుకుంటే ముందు రాసినవాళ్ల అనుమతి అడుగు. దాన్ని మక్కీకి మక్కీ తెలుగు చేయొద్దు. వాళ్లు వాళ్ల ఊరి మీద ఎట్లా రాసుకున్నారో చూసి, నీ పిల్లలతో నీ ఊరి మీద రాయించు. రాసింది తరగతిలో పైకి చదివించు.

"ఏ భాషల రాయించాలె సార్?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా వెనక్కి తీసుకుపోయింది. పదిహేను, పదహారేళ్ల కింద మేం ఒక నాటిక కట్టుకుని పోటీకి పోయాం. ఏ పరిషత్తో చెప్పను. నాటికలో దుబాయి నుంచి పెట్టె వస్తుంది. ఇంటి ముందు దించుతారు. సీలు వేసి ఉంది, విప్పొద్దంటారు. తల్లి వేషం వేసినావిడ ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి వేసి, "గీ పెట్టెల ఉన్నది నా కొడుకేనా?" అంటుంది. అంతే డైలాగు. హాలులో సూది పడితే వినబడేది. తెల్లారి న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు తీసుకుని, ఇతివృత్తం బలంగా ఉంది, నటన బాగుంది, భాష మాత్రం గ్రామ్యంగా ఉంది, ప్రామాణిక భాషలో ఉంటే స్థాయి పెరిగేది అన్నాడు. మా డైరెక్టరు తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి తల ఆనించి ఏడ్చాడు. మెదక్ దాటేదాకా ఎవరం పలకలేదు.

ఆ డైలాగును ఆయన చెప్పిన భాషలోకి మార్చి చాలాసార్లు అని చూసుకున్నాను. "ఈ పెట్టెలో ఉన్నది నా కుమారుడేనా?" 'గీ' పోయింది. అంటే తల్లి వేలు పోయింది. 'గీ' అన్నప్పుడు ఆ వేలు పెట్టె వైపు చూపిస్తుంది, 'ఈ' అంటే చూపించదు. 'కొడుకు' పోయి 'కుమారుడు' వచ్చాడు. కుమారుడన్నది పెళ్లి శుభలేఖలో మాట, పెట్టెలో వచ్చేవాడు కొడుకే. మాట మారగానే మనిషి మారిపోయింది. ఇంతకాలం తర్వాత కూడా ఆ 'గ్రామ్యం' అన్న మాట గుర్తొస్తే నాకు గొంతు పట్టేస్తుంది. మన మాటను నౌకరుకూ, నవ్వించేవాడికీ ఇచ్చి, బాధపడేవాడికి మాత్రం వేరే మాట పెట్టే అలవాటు తెలుగు రంగం మీద చాలాకాలం నడిచింది. అట్లాగని బయటివాళ్లు మన గురించి రాసినవాటిని తక్కువ చేయను. 'మా భూమి' నాటకాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. 1947లో సుంకర, వాసిరెడ్డి మన తెలంగాణ రైతు కోసం రాసిన నాటకం. ప్రజానాట్యమండలి ఊరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించింది. దాని వెనకున్న కథ బందగీ అనే రైతుది, ఆయన ఊరు కామారెడ్డిగూడెం. మా కామారెడ్డి కాదు, దేవరుప్పుల దగ్గరిది. నిజాం రాజ్యంలో మన కథను మనం ఆడుకునే వీలు లేని రోజుల్లో వాళ్లు ఆడారు, ఆ రుణం తీరేది కాదు. ఇప్పుడు మన నోరు కట్టేసేవాళ్లు లేరు కాబట్టి మన మాటతోనే ఆడుకుందామని అంటున్నాను.

"మీ పిల్లలు ఇంట్ల అమ్మతోటి మాట్లాడే భాష" అని చెప్పాను. "ఒక్క ముక్క దిద్దకు."

దిద్దకుండా మాట్లాడే నాటకం నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. నా చిన్నతనంలో లింగంపేట అవతల మా అమ్మమ్మ ఊరికి ఏడాదికొకసారి చిందు భాగవతులు వచ్చేవాళ్లు. ఈ వైపు చిందు అంటే ఎల్లమ్మ పేరే చెబుతారు. బోధన్ దగ్గర అమ్దాపూర్ ఆమె ఊరు. ఆడ వేషం, మగ వేషం రెండూ కట్టి రాష్ట్రమంతా పేరు పొంది 2005లో పోయింది. మా అమ్మమ్మ ఊరికి వచ్చినవాళ్లు అంత పేరున్నవాళ్లు కాదు. మాదిగవాడ ముందు నాలుగు గుంజలు పాతి, దుప్పటి కట్టి, కందిళ్లు పెట్టుకుని ఆడేవాళ్లు. దేవుడు కూడా మాలాగే మాట్లాడేవాడు. రాజు కోపమొస్తే మా మేనమామలాగే తిట్టేవాడు. వాడవాళ్లు గొంగళ్లు పరుచుకుని ముందు కూర్చునేవాళ్లు. మేం పిల్లలం ఎడ్లబండి మీదెక్కి చూసేవాళ్లం. ఎప్పుడు నిద్రపోయామో తెలిసేది కాదు, తాళాల చప్పుడుకు మళ్లీ లేచేవాళ్లం.

ఒక తెల్లారుజామున నేను బండి దిగి ఇంటికి పోతుంటే చేదబావి దగ్గర ఒకామె మొహం కడుక్కుంటోంది. రాత్రి రాజు వేషం ఆమెదే. మొహానికి అర్దళం పసుపు, సగం కడిగింది, సగం అట్లాగే ఉంది. ఆ సగం మొహం మీద మీసం ఇంకా ఉంది. భుజకీర్తులు, కిరీటం బావి గట్టు మీద విడిగా పెట్టింది. కిరీటంలో అద్దపు ముక్కలు అప్పుడే వస్తున్న ఎండకు మెరుస్తున్నాయి. నేను నిలబడి చూస్తుంటే ఇటు తిరిగి, "ఏ ఇల్లు బిడ్డా మీది?" అంది. చూపించాను. "మీ అవ్వనడుగు, గటక ఉన్నదా అని" అంది. నేను ఉరికాను. మా అమ్మమ్మ రాత్రి వండిన జొన్న గటకలో చల్ల పోసి, ఉల్లిగడ్డ నలిపి, సత్తుగిన్నెలో ఇచ్చింది. నేను తెచ్చేసరికి మీసం పోయింది. ఆమె గట్టు మీద కూర్చుని, కిరీటాన్ని పక్కకు జరిపి, నాక్కూడా చోటిచ్చి, గిన్నె ఒళ్లో పెట్టుకుని, మొదటి ముద్ద తీసి నా చేతిలో పెట్టింది.