11 సెకన్ల వీడియో

మీలో చాలామందికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ ఉండే ఉంటుంది. మాకూ ఉంది. నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు, పార్కింగు గొడవలు తప్ప అందులో పెద్దగా ఏమీ ఉండవు. ఆ గ్రూపులో నేను పెట్టిన ఒక వీడియో గురించి మీతో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మా అమ్మాయి సరేనన్నాకే రాస్తున్నాను. ఎందుకంటే ఆ వీడియో తీసింది తనే.

తను మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి. కుక్కలంటే ప్రాణం. మా గేటు దగ్గర తిరిగే గోధుమరంగు కుక్కకి రాణి అని పేరు పెట్టి, తన టిఫిన్ బాక్సులో మిగిలిన చపాతీ దానికే పెడుతుంది. (మిగిలిందో, కావాలనే మిగిల్చిందో నేను అడగను.) గేటు పక్కన వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఉండేది. ఆ ఇస్త్రీ ఆయన ఏడేళ్ళుగా మా ఇంటి బట్టలు చేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున రాణి అరుపు విని మా అమ్మాయి బాల్కనీలోకి పరుగెత్తింది. ఫోన్ చేతిలోనే ఉంది. మూడో అంతస్తు నుంచి తీసిన ఆ 11 సెకన్లలో కనిపించేది ఇంతే: ఆయన మగ్గుతో నీళ్ళు విసురుతాడు, కుక్క కుయ్యోమంటూ పరుగెత్తుతుంది, దాని వీపు మీద బొచ్చు ఊడిపోయి ఎర్రటి మచ్చ.

"అమ్మా, వేడినీళ్ళు పోశాడు" అని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడంతస్తులు దిగితే ఆ మనిషి అక్కడే ఉన్నాడు, వెళ్ళి అడగొచ్చు. ఆ ఆలోచనే రాలేదు. వీడియో గ్రూపులో పెట్టి, కింద "మూగజీవి మీద మరిగే నీళ్ళు పోసిన రాక్షసుడు. ఇలాంటివాణ్ణి మన గేటు దగ్గర ఉండనిస్తారా?" అని రాశాను. 'మరిగే' అన్న మాట నాది. పాప వేడినీళ్ళు అంది, నేను మరిగించాను.

సాయంత్రానికి అది కాలనీ గ్రూపులు దాటిపోయింది. ఎవరో దాన్ని ఏడుపు పాటతో కలిపి ఇన్‌స్టాలో పెట్టారు. ఇంకెవరో బొమ్మ పెద్దది చేసి చూశారు. డబ్బులు స్కాన్ చేయడానికి బండికి కట్టుకున్న అట్టముక్క మీద ఆయన ఫోన్ నంబరు ఉంది. రాత్రంతా ఎక్కడెక్కడి నుంచో బూతులతో కాల్స్ వచ్చాయట. సోమవారం సాయంత్రం ముగ్గురు కుర్రాళ్ళు రెండు బైకుల మీద వచ్చి బండి తిరగేశారు. ఇస్త్రీపెట్టెలోని నిప్పులు రోడ్డు మీద పడి, ఎవరివో రెండు చీరలు కాలిపోయాయి. యాభై దాటిన మనిషి చేత చెవులు పట్టించి గుంజీలు తీయించారు. దాన్నీ వీడియో తీశారు. మొదటిదానికంటే దానికే ఎక్కువ లైకులు వచ్చాయి.

అది మా అమ్మాయి కూడా చూసింది. "అమ్మా, వాళ్ళకి మనమే చెప్పామా?" అని అడిగింది.

మర్నాడు వాచ్‌మన్ సాయంతో రాణిని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వీపు మీద వేలితో రాసి చూసి, "ఇది గజ్జి మేడమ్, కనీసం మూడు వారాలనాటిది. కాలితే ఇలా ఉండదు" అన్నారు. తిరిగొస్తుంటే వాచ్‌మన్ చెప్పాడు, రాణి వచ్చి ఉతికిన బట్టల మూట మీద పడుకుంటుందట, బట్టల మీద చల్లే బక్కెట్లోని నీళ్ళే ఆయన విసిరాడట. నాతో ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు.

ఇస్త్రీ ఆయన జంతుప్రేమికుడని నేను చెప్పడం లేదు. ఒకసారి కుక్క మీద కర్ర విసిరిన మాట కూడా నిజమేనట. తప్పే. కానీ ఆ తప్పుకి ఎంత శిక్ష?

కోపం ఎందుకొస్తుందో నాకు తెలుసు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటిసారి తప్పు చేసినవాళ్ళకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇప్పటికీ అంతే. నాలుగైదు చొక్కాల ఇస్త్రీ ఖర్చు. జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు గానీ, స్టేషన్‌కి వెళ్ళే ఓపిక మనలో ఎందరికుంది? ఫార్వర్డ్ చేయడం సులువు.

ఇది మన ఒక్కచోటే కాదు. 2010లో ఇంగ్లాండ్‌లోని కోవెంట్రీలో ఒకావిడ దారిన పోతూ ఒక పిల్లిని చెత్తడబ్బాలో పడేసి మూత వేసింది. యజమానుల కెమెరాలో అది రికార్డయింది. పిల్లి సుమారు 15 గంటల తర్వాత ప్రాణాలతో బయటపడింది. కోర్టు వేసిన జరిమానా 250 పౌండ్లు. అంతకుముందే చంపుతామన్న బెదిరింపులు వచ్చి, ఆమెకి పోలీసు రక్షణ పెట్టాల్సి వచ్చింది. ఆవిడ నిజంగానే ఆ పని చేసింది. మా ఇస్త్రీ ఆయన చేయని పనికి కూడా పడ్డాడు.

తల్లిగా నన్ను నిద్రపోనివ్వనిది మరొకటుంది. ఆ 11 సెకన్లలో ఆయన బదులు పద్నాలుగేళ్ళ పిల్లాడు ఉంటే? మన స్కూలు యూనిఫాంలో ఉంటే? విచారణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, స్కూలు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది, ఆరు నెలల జైలు దాకా వెళ్ళవచ్చు. ఈ సంగతి నాకూ తర్వాతే తెలిసింది. మన పిల్లలు అలాంటివి చేయరంటారా? మా తమ్ముడు పదేళ్ళప్పుడు దీపావళికి వీధికుక్క తోకకి సీమటపాకాయల సరం కట్టాడు. మా నాన్న వాడి చెవి మెలిపెట్టి, వారం రోజులు ఆ కుక్కకి వాడిచేతే అన్నం పెట్టించారు. మొదటి రెండు రోజులు అది వాడి దగ్గరికే రాలేదు. గిన్నె అక్కడ పెట్టి దూరంగా నిలబడేవాడు. ఆ సంగతి మా వీధి దాటలేదు. ఇప్పుడు వాడింట్లో రెండు కుక్కలున్నాయి.

డాక్టరు చీటీ ఫొటోతో సహా గ్రూపులో క్షమాపణ రాశాను. నలుగురు బొటనవేలు పెట్టారు. ఐదో మెసేజ్ నీళ్ళ ట్యాంకరు గురించి.

ఇస్త్రీ ఆయన బండిని రెండు వీధుల అవతలికి మార్చుకున్నాడు. నేనూ అమ్మాయీ వెళ్ళాం. కాలిన చీరలకీ, విరిగిన చక్రానికీ డబ్బు ఇవ్వబోతే చీరల వరకే తీసుకున్నాడు. అమ్మాయి "సారీ అంకుల్, వీడియో నేనే తీశాను" అంది. ఆయన దాని వంక చూసి, "యూనిఫాం తెచ్చావా పాపా?" అన్నాడు. తేలేదు. మర్నాటి నుంచి తనే తీసుకెళ్తోంది. రాణికి మందు కూడా తనే రాస్తోంది, బొచ్చు తిరిగి వస్తోంది.

గత నెల మా ఆడపడుచు గుంటూరు నుంచి ఒక వీడియో పంపింది. అదే వేపచెట్టు, అదే మగ్గు. కింద మాత్రం "విజయవాడలో దారుణం, అందరికీ షేర్ చేయండి" అని ఉంది. వెంటనే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయ్యో వదినా, నేను ఇప్పటికే ఆరు గ్రూపుల్లో పెట్టేశానే" అంది.