ఉప్పుగాలిలో నిప్పుపని

జూన్ 9, 2025, సోమవారం. మచిలీపట్నం

వెల్డింగ్ షెడ్డులో చేరాను. మా ఊరు దివిసీమలో, కోడూరు పక్కన. రొయ్యల చెరువులో ఏరేటర్ ఫ్రేము విరిగినా, ట్రక్కు కొక్కెం ఊడినా అవనిగడ్డ నుంచి మనిషి రావాలి. రాత్రిపూట ఏరేటర్ ఆగిందంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఊళ్ళో ఒకరికైనా ఈ పని రావాలి. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. చెరువులు వదిలి ఏడాది ఉండే వీలు నాకు లేదు కాబట్టి షెడ్డే నా బడి.

మేస్త్రిగారు చేతికి హోల్డర్ ఇవ్వలేదు, వైర్ బ్రష్షు ఇచ్చారు. "ముందు తుప్పు గీకు అబ్బాయ్. తుప్పు మీద వేసిన అతుకు తుప్పుతోనే ఊడిపోద్ది" అన్నారు. తుప్పు, రంగు, గ్రీజు ఏది మిగిలినా అతుకులోకి మురికి, బుడగలు చేరతాయి. సాయంత్రం దాకా యాంగ్లర్ ఇనుప ముక్కలు తెల్లగా మెరిసేలా గీకాను.

జూన్ 12, గురువారం

ఇవాళ రాడ్డు పట్టాను. పెట్టె మీద ఇ6013 అని ఉంది. 60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌన్ల లాగుడు తట్టుకుంటుందని. 1 అంటే పడుకోబెట్టి, నిలబెట్టి, తలపైన ఎలాగైనా వాడొచ్చని. ఆ 1తో కలిపి చివరి అంకె పూత రకం చెబుతుంది.

3.15 మిల్లీమీటర్ల రాడ్డుకి మేస్త్రిగారు మిషన్ 100 ఆంపియర్ల దగ్గర పెట్టారు. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెంటనే కొద్దిగా పైకెత్తాలి. రాడ్డు కొసకీ ఇనుముకీ మధ్య రాడ్డు మందమంత ఎడం చాలు. ఎడం పెరిగితే చుట్టూ గుండ్లు చిమ్ముతాయి, తగ్గితే రాడ్డు అంటుకుపోతుంది. నల్లద్దంలోంచి మొదట వెలుగే కనబడుతుంది. కాసేపటికి దాని కింద కరిగిన ఇనుము చిన్న మడుగులా కదలడం, వెనకాలే చిట్టెం ముదురు రంగులో కప్పుకుంటూ రావడం తెలుస్తాయి. ఆ మడుగు అంచు రెండు ముక్కల్లోకీ సమానంగా పాకాలి. ఒక్కదానిలోకే పాకితే పైకి అందంగా కనబడే అతుకు కూడా ఒక్క దెబ్బకి విడిపోతుంది.

మచిలీపట్నం గాలిలో చెమ్మ ఎక్కువ. రాడ్డు పూత చెమ్మ పీలిస్తే అతుకు నిండా చిల్లులే. అందుకే ఇక్కడ పెట్టె విప్పగానే మిగిలిన రాడ్లు కవర్లో గట్టిగా చుట్టేస్తారు. బరువు పనులకు వాడే 7018 రాడ్లయితే, చెమ్మ తగిలాక 300 డిగ్రీల పైన ఓవెన్లో కాల్చనిదే వాడకూడదు.

జూన్ 20, శుక్రవారం

గ్యాస్ కటింగ్. నల్ల సిలిండర్ ఆక్సిజన్, మెరూన్ రంగుది ఎసిటిలిన్. ఒకదాని గొట్టం ఇంకోదానికి పొరపాటున కూడా బిగించకుండా ఎసిటిలిన్ మరలు ఎడమవైపు తిరిగేలా చేశారు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలనివ్వకూడదు, మంట లేకుండానే భగ్గుమంటుంది. ఎసిటిలిన్ సిలిండర్‌ని పడుకోబెట్టి వాడకూడదు, లోపలున్న అసిటోన్ గ్యాస్‌తోపాటు బయటికొస్తుంది.

గ్యాస్ మంట ఇనుమును కరిగించి కోస్తుందని ఇన్నాళ్ళూ నమ్మాను. నిజానికి మంట చేసేది వేడెక్కించడమే. ఇనుము దాదాపు 900 డిగ్రీలకి చేరి చెర్రీపండు రంగు తిరిగాక లీవర్ నొక్కితే ఆక్సిజన్ ధార తగిలి ఇనుమే మండుతుంది, మండినదాన్ని ఆ ధారే కిందికి ఊదేస్తుంది. స్టీలు గిన్నెల లోహం ఈ పద్ధతిలో తెగకపోవడానికి కారణం, దానిలోని క్రోమియం పైన పొరకట్టి ఆక్సిజన్‌ని లోపలికి రానివ్వకపోవడం.

జూన్ 28, శనివారం. గుడివాడ

దమ్ము రోజులు దగ్గరపడ్డాయి. మేస్త్రిగారి బంధువుల షెడ్డులో ట్రాక్టర్ దమ్ము చక్రాల పని చూడ్డానికి వచ్చాను. చక్రం చుట్టూ వరసగా అతుకుతూ పోతే ఒకవైపే వేడెక్కి వంకర తిరుగుతుంది. ఇక్కడొక ట్యాకు, అంటే చిన్న తాత్కాలిక అతుకు, ఎదురుగా ఒక ట్యాకు, మళ్ళీ అడ్డంగా రెండు. అన్నీ సరిచూశాకే పూర్తి అతుకు. బురదలో రోజంతా తిరిగే చక్రం వంకర పోకుండా ఉండేది ఈ వరసవల్లే.

జూలై 5, శనివారం. మచిలీపట్నం

షెడ్డులో చిన్న కుర్రాడు నిన్న మాస్కు లేకుండా ట్యాకులకు ముక్కలు పట్టుకున్నాడు. పగలు ఏమీ అనిపించలేదు. అర్ధరాత్రి లేచి కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఏడ్చాడట. వెల్డింగ్ ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి, బాధ కొన్ని గంటల తర్వాతే మొదలవుతుంది. పొద్దున కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆర్క్‌కి 10 లేదా 11 నంబరు అద్దం కావాలి. చలవ కళ్ళద్దాలు ఏమాత్రం సరిపోవు. పక్కన నిలబడి పట్టుకునేవాడికీ అదే అద్దం కావాలి.

జూలై 13, ఆదివారం. కోడూరు

మా మురుగు కాలవ తూము షట్టర్ చూశాను. పోటునీరు చేలమీదికి ఎగదన్నకుండా ఆపేది ఆ రేకే. నీళ్ళు ఎక్కి దిగే మట్టం దగ్గరే తుప్పు బాగా తినేసింది. సుత్తితో తట్టుకుంటూ పోతే ఒకచోట ఖంగుమంది, ఒకచోట మొద్దుగా పలికింది. మొద్దుగా పలికినంత మేరా కోసేసి, గట్టి ఇనుము దాకా వెళ్ళి కొత్త రేకు అతకాలి. పైపైన ముక్క వేస్తే పల్చటి రేకు కాలి చిల్లు పెద్దదవుతుంది. పనిచేయించే పెద్దలకి ఇదే చెప్పాను.

మన సీమలో వరి, రొయ్య, ట్రాక్టరు అన్నీ ఉప్పుగాలిలో బతికే ఇనుము మీద ఆధారపడ్డవే. ఆ ఇనుముకు ఆయుష్షు పోసేవాడు వెల్డర్. షెడ్డు యజమానులకు నా మనవి ఒక్కటే: కుర్రాడి చేతికి బ్రష్షు ఇచ్చిన రోజే ముఖానికి మాస్కు కూడా ఇవ్వండి.