ఎవరూ చదవని టేపులు

బ్యాకప్ టేపును ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. దాన్ని చదవాల్సి వచ్చిందంటే ఎక్కడో ఏదో చెడిందని అర్థం. ఇంత తేలికైన సంగతి తట్టక, మూడేళ్ళుగా చదవని టేపు వాల్యూమ్‌లన్నీ పనికిరానివేనని తేల్చి, వాటిని ఏరేసే జాబ్ ఒకటి రాసి రన్ చేశాను.

అప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని ఒక విదేశీ బీమా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ స్టోరేజీ చూసే బృందంలో ఉండేవాణ్ణి. అమీర్‌పేటలో జేసీఎల్, కోబాల్ నేర్చుకుని వచ్చినవాణ్ణి. టేపుల గురించి అక్కడ ఎవరూ చెప్పరు. జాబ్‌లో ‘యూనిట్ ఈక్వల్స్ టేప్’ అని రాయడంతో మా పాఠం అయిపోయేది. ఉద్యోగంలో చేరాక తెలిసింది, ఆ టేపు అసలు టేపే కాదని.

1990ల్లో సమస్య ఇదీ. 3490ఈ కార్ట్రిడ్జ్‌లో 800 మెగాబైట్లు పడతాయి, జాబ్ రాసేది మాత్రం చాలాసార్లు పదో ఇరవయ్యో మెగాబైట్లు. మిగతాదంతా ఖాళీ. 1995లో 10 గిగాబైట్ల 3590 కార్ట్రిడ్జ్ వచ్చాక ఆ వృథా ఇంకా పెరిగింది. అప్పుడు ఐబీఎమ్ 1997లో వర్చువల్ టేప్ సర్వర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. జాబ్‌కి టేపు డ్రైవ్ ఉన్నట్టే కనిపిస్తుంది, డేటా మాత్రం డిస్కు క్యాష్‌లో పడుతుంది. తర్వాత వందల వర్చువల్ వాల్యూమ్‌లను ఒకే అసలు టేపు మీద వరుసగా పేరుస్తారు. మా దగ్గరున్నది దాని వారసుడైన టీఎస్7700. రెండు ఊళ్ళలో రెండు పెట్టెలు, ఒకదాని మీద రాసింది రెండోదానికి కాపీ అవుతుంది.

క్యాష్ నిండుతోందని, పాత వాల్యూమ్‌లు తీసేయమని కస్టమర్ అడిగాడు. పనిలో కొత్త, మెప్పు పొందాలన్న ఆత్రం. టేపుల లెక్క చూసే ఆర్‌ఎమ్‌ఎమ్ సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్‌లను వెతికి, చివరిగా చదివిన తేదీ పాతబడ్డవన్నీ ఫైల్లోకి తీసుకున్నాను. వాటిలో చాలావాటికి గడువు తేదీ 99365 అని ఉంది. అంటే ఎప్పటికీ ఉంచమని. ఎవరో బద్ధకంగా పెట్టేసి ఉంటారనుకున్నాను. (స్టోరేజీ పనిలో ఇతరుల బద్ధకం మీద మనకుండే నమ్మకం చాలా గట్టిది.) ఆ గడువును పక్కన పెట్టేలా రిలీజ్ కమాండ్లు తయారుచేసి పంపాను. రాత్రి హౌస్‌కీపింగ్ నడిచి, అవన్నీ స్క్రాచ్‌లోకి, అంటే కొత్త రాతకు ఇచ్చే టేపుల్లోకి, వెళ్ళాయి. పొద్దున్న రిపోర్టులో స్క్రాచ్ సంఖ్య పెరిగింది. మేనేజర్‌గారు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు.

తర్వాత కొన్నాళ్ళు చడీచప్పుడు లేదు. సంవత్సరాంతపు లెక్కలకు బీమా గణకుల జాబ్ ఒకటి పాత పాలసీల డేటాసెట్‌ను అడిగింది. కేటలాగ్‌లో దాని వాల్యూమ్ పేరు ‘మైగ్రాట్’ అని ఉంది. అంటే డిస్కు మీద లేదు, వాడని డేటాను తరలించే సాఫ్ట్‌వేర్ హెచ్‌ఎస్‌ఎమ్ దాన్ని టేపుకు పంపింది. అడగ్గానే వెనక్కి తెచ్చిపెట్టాలి. ఆ రీకాల్ ఫెయిలయింది. ఇంకొకటి అడిగారు, అదీ ఫెయిల్. ఆ రెండూ ఏ టేపు మీదున్నాయని చూస్తే, నా ఫైల్లో ఉన్న నంబర్లే.

మా సీనియర్ మేడమ్ కాన్ఫరెన్స్ కాల్ మ్యూట్‌లో పెట్టి అన్నారు: “ఆ టేపులు మనవి కావు బాబూ, హెచ్‌ఎస్‌ఎమ్‌వి. దాన్ని అడక్కుండా ఎలా తీశావు?”

నాకు మింగుడుపడని ప్రశ్న అది. ఒక వర్చువల్ టేపు కనీసం నాలుగు దస్త్రాల్లో ఉంటుంది. పొలం ఒకటే అయినా అడంగల్ వేరు, వన్-బీ వేరు, పాస్‌పుస్తకం వేరు అయినట్టు. డేటాసెట్ ఎక్కడుందో యూజర్ కేటలాగ్ చెబుతుంది. టేపు ఎవరిది, గడువెప్పుడు అన్నది ఆర్‌ఎమ్‌ఎమ్ చెబుతుంది. ఆ వాల్యూమ్ ఏ లైబ్రరీలో ఉంది, ప్రైవేటా (డేటా ఉన్నదా) స్క్రాచా అన్నది టీసీడీబీ అనే మరో డేటాబేస్‌లో ఉంటుంది. పెట్టెకు మళ్ళీ తన సొంత డేటాబేస్. హెచ్‌ఎస్‌ఎమ్ టేపయితే ఐదో దస్త్రం కూడా ఉంటుంది, టేపు మీద ఏ డేటాసెట్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచిక. హెచ్‌ఎస్‌ఎమ్ తన టేపును వదిలేసినప్పుడు ఆర్‌ఎమ్‌ఎమ్‌కి కబురు పెడుతుంది. మనం ఆర్‌ఎమ్‌ఎమ్‌లో వదిలేస్తే హెచ్‌ఎస్‌ఎమ్‌కి కబురు వెళ్ళదు. అది తన టేపు తన దగ్గరే ఉందనుకుంటూ ఉంటుంది, ఎవరో అడిగేదాకా.

బతికించింది పెట్టెలోని ఒక సెట్టింగు. స్క్రాచ్ చేసినంతమాత్రాన టీఎస్7700 డేటాను చెరిపేయదు. స్క్రాచ్ కేటగిరీకి ఇన్ని రోజులని గడువు పెడితే అది తీరాకే చెరుపుతుంది. దానికి హోల్డ్ కూడా పెడితే ఆ గడువు లోపల ఆ వాల్యూమ్‌ను కొత్త రాతకు ఎవరికీ ఇవ్వదు. మాకంటే ముందు పనిచేసిన ఎవరో ప్రధాన కేటగిరీకి ఆ హోల్డ్ పెట్టి వెళ్ళారు. గడువు ఇంకా తీరలేదు. ఆ వాల్యూమ్‌లను ఒక్కొక్కటిగా ఆర్‌ఎమ్‌ఎమ్‌లో స్క్రాచ్ నుంచి వెనక్కి మాస్టర్‌గా, అంటే డేటా ఉన్న టేపుగా, మార్చాం, టీసీడీబీలో ప్రైవేట్ చేశాం. హెచ్‌ఎస్‌ఎమ్ విషయసూచిక చెక్కుచెదరలేదు కాబట్టి రీకాల్ మళ్ళీ నడిచింది.

మా దగ్గరున్న రెండో స్క్రాచ్ కేటగిరీకి హోల్డ్ లేదు. అందులో స్క్రాచ్ టేపులు ఎప్పుడూ కొరతే. అక్కడికి వెళ్ళిన వాల్యూమ్‌లను రాత్రి బ్యాచ్ తీసుకుని వాటి మీద కొత్త డేటా రాసేసింది. అవతలి ఊళ్ళో కాపీ ఉందిగా అని ఒకరు అడిగారు. ఉంది, కొత్త రాత కాపీ. రెండో పెట్టె మొదటిదాన్ని అచ్చంగా అనుసరిస్తుంది. మిషన్ పాడైతే ఆ కాపీ ఆదుకుంటుంది గానీ మనిషి ఇచ్చిన కమాండును ఆపదు. పోయిన డేటాసెట్లలో కొన్నింటికి హెచ్‌ఎస్‌ఎమ్ బ్యాకప్‌లు దొరికాయి. కొన్నింటిని కస్టమర్ మనుషులు మూలాల నుంచి మళ్ళీ తయారుచేసుకున్నారు. మరికొన్నింటిని వదులుకున్నారు.

హెచ్‌ఎస్‌ఎమ్ టేపులు ఖాళీ చేయడానికి దాని సొంత దారి ఉంది, రీసైకిల్. టేపు మీద చెల్లుబాటయ్యే డేటా మనం పెట్టిన శాతం కన్నా తగ్గితే, మిగిలినదాన్ని ఇంకో టేపుకు మార్చి, పాతదాన్ని తానే వదిలేస్తుంది. నేను చేతులతో చేసిన పనిని అది రోజూ పద్ధతిగా చేసుకుపోతోంది. దాని లాగ్‌లు నా మెయిల్‌బాక్స్‌లోనే పడుతుండేవి. చదవలేదు.

ఇంతకీ ఎంత జాగా మిగిలింది? దాదాపు ఏమీ లేదు. వర్చువల్ వాల్యూమ్ సైజు 800 మెగాబైట్లని రాసి ఉన్నా, అందులో 3 మెగాబైట్లే రాస్తే క్యాష్‌లో పట్టేది అంతే, కంప్రెస్ అయితే ఇంకా తక్కువ. పైగా ఏళ్ళుగా చదవని వాల్యూమ్‌లు క్యాష్‌లోంచి ఎప్పుడో వెళ్ళిపోయి వెనకున్న అసలు టేపుల మీద ఉన్నాయి. వాల్యూమ్‌ల సంఖ్య తగ్గించి జాగా మిగిల్చాననుకున్నాను. మేడమ్ చెప్పాక, ఆ నెలలో రాసిన వాల్యూమ్‌లను సైజు వారీగా పేర్చి చూస్తే పైవరసంతా ఒకే పేరుతో మొదలైంది. ఒక టెస్ట్ సిస్టమ్, రోజూ పూర్తి డంప్ తీసి రెండు పెట్టెల్లోనూ ఉంచుతోంది. ఆ టీమ్‌కి ఫోన్ చేస్తే, ప్రాజెక్టు ఎప్పుడో ముగిసిందనీ, ఆ జాబ్ షెడ్యూల్లో ఇంకా ఉందని తమకు తెలియదనీ అన్నారు. ఆ సాయంత్రమే ఆపేశారు.