ముల్లు లేచే వేళ

ముందు బ్యాటరీ తీగ విప్పాను. ఇంగ్లండ్ చలికి కొంకర్లు పోతున్న వేళ్లతో డ్యాష్‌బోర్డు వెనక తడిమి కేబుల్ మర తిప్పితే, ఎంజీబీ స్పీడోమీటర్ ఒళ్లోకొచ్చింది. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైన కారు.

అద్దం తీశాను. లోపల తిరిగే అయస్కాంతం, దాన్ని కప్పుతూ అల్యూమినియం గిన్నె. ఒకదాన్నొకటి తాకవు. అయినా అయస్కాంతం తిరుగుతూ గిన్నెను లాగుతుంది; ఆ లాగుడుకే ముల్లు లేస్తుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు వెనక్కి పిలుస్తుంది. ఆ స్ప్రింగు చూస్తే, తాతయ్య పోయాక కీ ఇచ్చేవాళ్లు లేక ఆగిపోయిన మా గోడగడియారం గుర్తొచ్చింది. దాన్ని ఎవరూ విప్పి చూడలేదు, నాతో సహా.

దుమ్ము దులిపాను. వెలిసిన అంకెలకు రంగు వేయబుద్ధి కాలేదు. మైళ్లనూ సున్నా చేయలేదు. ఎవరెవరి ప్రయాణాలో అవి.

సాయంత్రం బండి గేటు దాటింది. ముల్లు ఒకసారి వణికి, మెల్లగా లేచింది.